పెంటయ్య ఎడమ చేయి

వెలుతురు ప్రచురణలు మూతపడి పది నెలలైంది. బతికిన నాలుగేళ్లలో మూడు పుస్తకాలు వేసింది. మూడూ ఫోటో పుస్తకాలే. మూడింటికీ ఫిల్ములు అతికించింది నేనే. ఈ సంస్థ చరిత్ర ఎవరికైనా కావాలంటే చెప్పడానికి ఇద్దరమే ఉన్నాం, నేనూ, దాన్ని పెట్టిన సుబ్బరాయుడూ. ఆయన చెప్పడు. అడిగితే, "ఏముందప్పా, చేసినాం, అయిపోయింది" అని టీ గ్లాసు కింద పెట్టి రైలు పట్టాల వైపు చూస్తాడు. ఆయన బాగా అలిసిపోయాడు. నేనూ అలిసిపోయాను గానీ నాకు నోరు ఊరుకోదు. రామచంద్రం నోటికి తాళం లేదని ప్రెస్సులో అందరూ అంటారు. లేకపోతే లేదు. ఈ కథలో తిట్టాల్సిన మనిషి ఒకడున్నాడు, వాడిని నేనే తిట్టాలి.

నాది బాలానగర్‌లో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో పేస్టింగ్ పని. కింద లైటు వెలిగే గాజు బల్ల ఉంటుంది. పుస్తకంలో ఏ బొమ్మ ఎక్కడ రావాలో అక్కడ దాని ఫిల్ము ముక్కను కోసి టేపుతో అతికిస్తాను. దాన్నుంచి ప్లేటు తీస్తారు, ప్లేటు మిషన్ ఎక్కుతుంది. నేను వేలెడు పక్కకు జరిపితే పుస్తకంలో వేలెడు జరుగుతుంది. పదహారేళ్లుగా మెడ వంచి ఆ వెలుతురులోకి చూస్తున్నాను. మధ్యాహ్నం దాటితే కళ్లల్లోంచి నీళ్లు కారతాయి. తుడుచుకుంటాను, మళ్లీ వంగుతాను.

సుబ్బరాయుడిది జమ్మలమడుగు దగ్గర పల్లె. హఫీజ్‌పేట్ స్టేషన్ ఎదురుగా ఆయనకు చిన్న స్టూడియో ఉంది, కూతురు భార్గవి పేరు మీద. పాస్‌పోర్టు సైజు ఫోటోలే బతుకుతెరువు. మాదాపూర్ వైపు గుట్టలు పేల్చి పునాదులు తవ్వడం మొదలయ్యాక, పనిలోకి పోయే కూలీలకు ఫోటో అంటించిన గేటు పాసు ఉండాలన్నారు. పాలమూరు నుంచీ మెదక్ నుంచీ వచ్చినవాళ్లు వరసగా ఆయన స్టూలు మీద కూర్చున్నారు. చాలామందికి బతుకులో అదే మొదటి ఫోటో. ఆయన గేటు పాసుకు ఒకటి తీసి, "ఇది వాళ్లకు. ఇంకొకటి నీకు. నీకు ఎట్ల ఇష్టమైతే అట్ల నిలబడు" అనేవాడు. రెండో దానికి డబ్బులు అడిగేవాడు కాదు.

మరి వాళ్లు ఎట్లా నిలబడేవాళ్లో తెలుసా? ఒక ముసలాయన చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, కొత్త చెప్పులట. ఒకామె చంటిపిల్ల ముఖం కెమెరా వైపు తిప్పి తన ముఖం మాత్రం కొంగుతో కప్పుకుంది. ఆ రెండో ఫోటోలు డబ్బాల్లో నిండిపోయాయి. నిండాక ఆయనకు పుస్తకాల పిచ్చి పట్టింది. లూనా వేసుకుని కొండాపూర్ మీదుగా మాదాపూర్ గుట్టల దాకా తిరిగి, పనిచేసే చోటనే ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు.

మొదటి పుస్తకం హఫీజ్‌పేట్ స్టేషన్లో రైలు కోసం కూర్చునే మనుషుల మీద. రెండోది కూకట్‌పల్లి అడ్డా మీద, అంటే తెల్లారి పని దొరుకుతుందేమోనని కూలీలు నిలబడే చోటు. రెండింటిలోనూ ప్రతి బొమ్మ కింద ఆ మనిషి పేరూ ఊరూ ఉంటాయి. అంతవరకు బాగానే ఉంది. నా తల ప్రాణం తోకకు తెచ్చింది ఆయన పెట్టుకున్న ఇంకో నియమం. అచ్చుకు పోయేముందు ప్రతి పేజీ ప్రూఫ్ తీసుకుని, బొమ్మలో ఉన్న మనిషి ఎక్కడుంటే అక్కడికి పోయి చూపించాలి. ఆ మనిషి "సరే" అంటేనే అచ్చు.

స్టేషన్లో కూరగాయలమ్మే ఆమె, "నా ముక్కుపుల్ల అగుపిస్తలేదు, గిది నాకొద్దు" అంది. ఆయన మళ్లీ ఫోటో తీశాడు, నేను మళ్లీ ఫిల్ము కోశాను. అడ్డా పుస్తకంలో ఒకతను తన బొమ్మ తీసేయమని చేతులు పట్టుకున్నాడు. పట్నంలో సూపర్‌వైజర్‌నని ఇంట్లో చెప్పుకున్నాడట పాపం. ఆ ఒక్క బొమ్మ తీసేసరికి పదహారు పేజీలు పైకీ కిందకీ అయ్యాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

"సార్, మీకు దండం పెడ్త. రాజుల పుస్తకాలకు గూడ గింత పరేషాన్ లేదు. వాళ్లు చదువుతరా, కొంటరా?" అన్నాను.

"కొనరు. కానీ ముఖం వాళ్లది కదప్పా" అన్నాడు. అంతే. మళ్లీ లూనా ఎక్కి పోయాడు.

మూడో పుస్తకం రాయి కొట్టేవాళ్లది. అందులో ముప్పై ఏడో పేజీ పెంటయ్యది. పాలమూరు వైపు వడ్డెర మనిషి. చొక్కా లేదు, మోకాళ్ల పైకి కట్టిన పంచె, ఒక చేతిలో ఉలి, ఇంకో చేయి సుత్తితో తల పైకి లేచి ఉంది. వెనక బండ తప్ప ఏమీ లేదు. తొంభై ఏడు ఎండాకాలంలో తీసిన ఫోటో అది. మరుసటి ఏడు శివరాత్రి రాకముందే పెంటయ్య చనిపోయాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని ఛాతీ దవాఖానలో చెప్పారట. గేటు పాసును కాంట్రాక్టరు మనిషి వెనక్కి తీసుకున్నాడు. స్టూడియోలో తనకని తీయించుకున్న రెండో ఫోటో గుడిసెలో వానకు నాని ముద్దయిపోయింది. ఆయన బొమ్మ అంటూ మిగిలింది సుబ్బరాయుడి దగ్గరున్న నెగటివ్ ఒక్కటే. పదో దినం నాడు పెంటయ్య భార్య చంద్రమ్మ స్టూడియోకొచ్చి అడిగితే, "పుస్తకంలో వస్తాదమ్మా, మొదటి కాపీ నీకే" అని మాట ఇచ్చాడు. విడిగా ఒక ప్రింటు తీసి ఇచ్చి ఉంటే సరిపోయేది. పుస్తకంలో పెద్దగా, పేరుతో చూడాలని ఆయన ఆశ. ఆ ఆశ మమ్మల్ని ఎక్కడికి తెచ్చిందో చెబుతాను.

ఆ పుస్తకం అచ్చు పని మొదలయ్యేసరికి సుబ్బరాయుడు సగం అయ్యాడు. దగ్గు, జ్వరం. చూపు కూడా మందగించింది. మాదాపూర్‌లో కొత్తగా భవనం కట్టుకున్న ఒక కంపెనీ, ప్రారంభం రోజున అతిథులకిచ్చేందుకు మూడు వందల కాపీలు కావాలంది. వేసేది ఐదు వందలు. ఆ మూడు వందలు అమ్ముడుపోతేనే నాలుగో పుస్తకం ఉంటుంది, లేకపోతే లేదు. ఇంతకుముందు పుస్తకాలు అటక మీద మూలుగుతున్నాయి. ప్రారంభానికి మూడు వారాలుంది. ప్రూఫులు పట్టుకుని అరవై మంది ఇళ్లకు తిరగాలి. పడుతూ లేస్తూ యాభై తొమ్మిది మంది దగ్గరికీ తిరిగాడు. పెంటయ్య పేజీ దగ్గర ఆగాడు. గుడిసెలు తీసేయడంతో చంద్రమ్మ మదీనాగూడలో ఎక్కడో గది కిరాయికి తీసుకుందని విన్నాడు గానీ చిరునామా తెలియదు.

"చనిపోయినోనికి యాడ చూపిస్తాం రామచంద్రం?" అన్నాడు, నా బల్ల పక్కన కుర్చీలో కూలబడి.

ఆ మాట కోసమే నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్న మనిషిని నేను. "వదిలేయున్రి సార్. మొఖం మంచిగనే ఉంది, పేరు ఉంది. ఇంకేం గావాలె?" అన్నాను. ఆయన తలూపాడు. వెళ్లి జ్వరం బిళ్ల వేసుకున్నాడు.

ఇప్పుడు నా ఘనకార్యం వినండి. ఫిల్మును తిరగేసి పెడితే బొమ్మ అద్దంలో చూసినట్టు అవుతుంది, కుడి ఎడమవుతుంది. అందుకే మేం అతికించేముందు గుర్తులు చూసుకుంటాం. చొక్కా జేబు, చేతి గడియారం, ఆడవాళ్ల పైట, వెనక బోర్డు మీద అక్షరాలు. పెంటయ్య బొమ్మలో ఇవేవీ లేవు. ఒకే ఒక్క గుర్తుంది, సుత్తి. అది ఎడమ చేతిలో ఉంది. ఎవడైనా ఎడమ చేత్తో సుత్తి కొడతాడా? ఫిల్ము తీసినవాడు తిరగేశాడని తేల్చేశాను. ఊరికే తిప్పి అతికిస్తే బొమ్మలోని సన్నటి అచ్చు చుక్కలు మెత్తబడి బొమ్మ మసకేస్తుంది. అందుకని కెమెరా గదికి పోయి, వాళ్లను నాలుగు తిట్టి, సరైన వైపుకు ఇంకో ఫిల్ము తీయించి మరీ అతికించాను. ఆ రోజు నా పనితనానికి నేనే మురిసిపోయాను. ప్లేటుకు పోయేముందు సుబ్బరాయుడు ఒకసారి వంగి చూశాడు. "నలుపు బాగా వచ్చింది" అన్నాడు.

పుస్తకం కుట్టు పూర్తయి వచ్చిన ఆదివారం పొద్దున ఇద్దరం మదీనాగూడ వెళ్లాం. ఆయన అడగ్గా అడగ్గా, కంపెనీ కొత్త భవనంలో ఊడ్చేవాళ్లలో చంద్రమ్మ ఉందని తెలిసింది. అక్కడి వాచ్‌మన్ గది గుర్తులు చెప్పాడు. రేకుల గది. గుమ్మంలో ఒక పాప పలక మీద రాస్తూ కూర్చుంది. ఎడమ చేయి తొడ కింద పెట్టుకుని, కుడి చేత్తో బలపం పట్టుకుని, పళ్లు బిగబట్టి వంకర అక్షరాలు రాస్తోంది.

"మా రేణుక సారూ. ఒకటో తరగతి" అంది చంద్రమ్మ. "గిది గూడ వాళ్ల నాయిన లెక్కనే, పుర్రచెయ్యి. బడిల సారు కొడ్తుండు. ఎడమ చెయ్యి తొడ కింద పెట్టుకొని రాయమంటడు. బిడ్డ ఏడుస్తది. మీ నాయిన గూడ గట్లనే ఉండె, ఎడమ చేత్తోనే గుట్టలు పలగ్గొట్టిండు, బుక్కు వస్తది, సూద్దువుగని అని చెప్తున్న."

నాకు నేను తిప్పిన ఫిల్మూ, సుత్తీ గుర్తొచ్చాయి. ఎప్పుడూ ఊరుకోని నోరు అప్పుడే ఊరుకుంది.

చంద్రమ్మ చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని కూర్చుంది. పక్కన కుంకుమ భరిణె, నాలుగు బంతిపూలు పెట్టుకుంది. సుబ్బరాయుడు ముప్పై ఏడో పేజీ తెరిచి ఆమె ముందు పెట్టాడు. ఆమె కళ్లు నిండాయి. ఉంగరం వేలికి కుంకుమ అద్దుకుని పెంటయ్య నొసటి మీదికి తెచ్చింది. తెచ్చి ఆపేసింది.

"మొఖం మా ఆయనదే" అంది. ఇంకాస్త వంగి చూసింది. "గని గీ చెయ్యి గాదు సారూ. పెండ్లిల తలంబ్రాలు ఎడమ చేత్తో పోస్తుంటె మా అత్త చెయ్యి గుంజి కొట్టింది. సచ్చేదాక మారలే. ఊరు ఊరంత పుర్రచెయ్యి పెంటయ్య అనే పిలుస్తుండె."

పాప లేచొచ్చి తల్లి భుజం మీంచి చూసింది. చాలాసేపు చూసింది.

"నాయిన గూడ అందరి లెక్క బువ్వ తినే కుడి చేత్తోనే కొడ్తుండు" అంది. "నువ్వు అబద్ధం చెప్పినవ్ అమ్మా."

చంద్రమ్మ వేలికున్న కుంకుమ కొంగుకు తుడిచేసుకుంది. రేణుక మళ్లీ గుమ్మంలోకి పోయి, ఎడమ చేయి తొడ కింద పెట్టుకుని, బలపం తీసుకుంది.

తిరిగొచ్చే దారిలో హైవే పక్కన టీ కొట్టు దగ్గర చెప్పాను. నేనే తిప్పానని, ఎందుకు తిప్పానో, ఎంత శ్రమపడి తిప్పానో అంతా చెప్పాను. స్టూడియోకి పోయి నెగటివ్ తీసి లైటుకు పెట్టి చూశాం. అంచు మీద అంకెలు తిన్నగా ఉన్నాయి, అంటే నెగటివ్ తిరగబడలేదు, సుత్తి ఎడమ చేతిలోనే ఉంది. ఆయన నన్ను నాలుగు తిడితే బాగుండును. తిట్టలేదు.

"నువ్వు ఒకసారి చూసినావు. నేను కెమెరాలోంచి గంటసేపు చూసినా ఆ మనిషిని. అచ్చులో మారిపోయినాడని నాకే తెలియలేదు" అన్నాడు. "ఈ ఒక్క పేజీకే కదా రామచంద్రం మనం పోకుండా ఉండింది."

కంపెనీ భవనం ప్రారంభోత్సవానికి నాలుగు రోజులుంది. కంపెనీ నుంచి హేమంత్ అనే కుర్రాడు కాపీల కోసం వచ్చాడు. మర్యాదస్తుడే, కర్నూలు పిల్లవాడు. ఐదు వందల కాపీల్లోనూ ఆ పేజీ కోసి కొత్తది అతికించాలని, అప్పటిదాకా ఇవ్వలేనని సుబ్బరాయుడు చెప్పేసరికి అతనికి కాళ్లూ చేతులూ ఆడలేదు.

"సార్, కొంచెం ప్రాక్టికల్‌గా ఆలోచించండి. మా గెస్టులకు ఆయన ఏ చేత్తో కొట్టాడో ఏం తెలుస్తుంది? ముందు ఈ మూడు వందలు ఇచ్చేయండి. మిగతావి మీ ఇష్టం."

నిజం చెబుతున్నాను, నేను కూడా ఆ మాటే అన్నాను. "ఇచ్చేయున్రి సార్. చంద్రమ్మకు మంచిది ఒకటి చేసిద్దాం. ఇది పోతే అంతా పోతది" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. తప్పు చేసినవాడిని నేను, తొందరగా అయిపోతే బాగుండునని నాకే ఎక్కువ.

సుబ్బరాయుడు గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"హేమంతూ, మీ ఆఫీసులో పుస్తకాలు యాడ పెడతారు?" అన్నాడు.

"రిసెప్షన్లో, టేబుల్ మీద సార్."

"ఆ టేబుల్ తుడిచేది చంద్రమ్మే కదప్పా. రోజూ తుడవాల ఆమె."

హేమంత్ వెళ్లి మాట్లాడి చూస్తానన్నాడు. మాట్లాడే ఉంటాడు, పాపం. ప్రారంభోత్సవంలో ఇత్తడి దీపపు కుందులు ఇచ్చారని తర్వాత విన్నాం. పుస్తకాలు మాకొద్దని చెప్పి పంపారు.

ఆ పేజీ మళ్లీ నేనే అతికించాను, భోజనాల వేళ, కూడు మానుకుని. ఫిల్మును నెగటివ్ పక్కన పెట్టి మూడుసార్లు చూసుకున్నాకే టేపు వేశాను. మిగిలిపోయిన కాగితం మీద మిషన్ అతను ఊరికే వేసి ఇచ్చాడు. సుబ్బరాయుడి భార్య సుబ్బమ్మ మైదాపిండి ఉడకబెట్టి గిన్నెడు జిగురు చేసింది. స్టూడియోలో తెర తీసేసి ముగ్గురం చాప మీద కూర్చున్నాం. నేను బ్లేడుతో తప్పు పేజీని, కుట్టు దగ్గర వేలెడు అంచు ఉంచి కోసేవాణ్ని. ఆమె ఆ అంచుకు జిగురు రాసేది. ఆయన కొత్త పేజీ పెట్టి, మోచేత్తో ఒత్తి, బరువు కింద పెట్టేవాడు. దగ్గొచ్చినప్పుడు పేజీ కదలకుండా ముఖం పక్కకు తిప్పుకుని దగ్గేవాడు. సెలవు రోజుల్లోనూ, ప్రెస్సు వదిలాక సాయంత్రాల్లోనూ కలిపి పదకొండు రోజులు పట్టింది. కోసిన పెంటయ్యలు, కుడిచేతి పెంటయ్యలు, నా పక్కన కుప్పగా పడ్డారు. ఐదు వందల సార్లు నా తప్పు నా కళ్ల ముందు తిరిగింది. నడుము పోయింది, మనసు అంతకన్నా ముందే పోయింది.

"సార్, ఇది ఎవరు కొంటరు ఇప్పుడు?" అన్నాను ఆఖరి రోజున.

"ఎవరూ కొనరు" అన్నాడు. "ఇంక చాలప్పా. నా చేత కాదు."

వెలుతురు ప్రచురణలు మూతపడింది ఆ మాటతోనే. దానికి వేరే రోజూ, తేదీ లేవు. కాపీలు అటక ఎక్కాయి. కొన్నాళ్లకు గమనించాను, స్టూడియోలో గేటు పాసుకు ఒక్క ఫోటోనే తీస్తున్నాడు. రెండో ఫోటో మానేశాడు.

అటక ఎక్కించకముందు ఒక కాపీ తీసుకుని మళ్లీ మదీనాగూడ వెళ్లాం. ఈసారి చంద్రమ్మ భరిణె ముందే తేలేదు. పేజీ తెరిచాక చూసింది. సుత్తి ఎడమ చేతిలో ఉంది. వేలు పెట్టి ఆ చేతిని భుజం నుంచి సుత్తి దాకా తడిమింది. అప్పుడు లేచి లోపలికి పోయి కుంకుమ తెచ్చి, నొసటన పెట్టింది. పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సుబ్బరాయుడు కూడా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"రేణుకా, రాయే, సూడు" అని పిలిచింది.

పాప వచ్చి, అలవాటుగా ఎడమ చేయి తొడ కింద పెట్టుకుని కూర్చుంది. పేజీ వైపు చూసింది, తల్లి వైపు చూసింది, మళ్లీ పేజీ వైపు చూసింది. తొడ కింద నుంచి ఎడమ చేయి తీసి, తండ్రి చేయి పక్కన ఆనించి పెట్టింది. పిడికిలి మీద స్కేలు వాతలు ఉన్నాయి. కాసేపటికి తల ఎత్తి నన్ను అడిగింది.

"మరి మొదలు గట్ల ఎందుకేసిన్రు?"

సుబ్బరాయుడు నా వైపు చూడలేదు. నేనే చెప్పాలి.

"నేనే తిప్పిన బిడ్డా. ఎడమ చెయ్యి ఉంటె తప్పేమో అనుకున్న. మంచిగ చేద్దామని తిప్పిన."

"మా సారు గూడ గట్లనే అంటడు" అంది రేణుక.